తోడల్లుడి పడవ, ఆరని జిగురు

నా తోడల్లుడు పడవ కొన్నాడన్న వార్త విన్నప్పుడు నేను పెరుగన్నం తింటున్నాను. మా ఆవిడ చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతూనే నా వైపు తిరిగి, చేతుల్తో తెడ్డు వేస్తున్నట్టు సైగ చేసింది. ముద్ద గొంతులో అడ్డం పడలేదు గానీ ఆవకాయ రుచి మాత్రం పోయింది. "ఎంత పడవ?" అన్నాను. "నాలుగు మీటర్లట. అల్యూమినియంది. సెకండ్ హ్యాండ్" అంది. సెకండ్ హ్యాండ్ అన్న మాట కాస్త ఊరటగా అనిపించింది.

నాకు ఓర్వలేనితనం చిన్నప్పట్నుంచీ ఉంది. రెండో తరగతిలో పక్కవాడి పలక నా పలకకంటే నల్లగా ఉందని రెండు రోజులు బడి మానేశానని మా అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. పెద్దయ్యాక దాన్ని దాచుకోవడం నేర్చుకున్నాను గానీ వదిలించుకోలేదు. అయితే ఈసారి నేను కళ్ళల్లో నిప్పులు పోసుకున్నది పడవని చూసి కాదు. మా మామగారిని చూసి.

మామగారు కాకినాడ పోర్టులో సర్వే సెక్షన్లో ముప్పై నాలుగేళ్ళు పనిచేశారు. ఓడలు లోపలికొచ్చే దారిలో ఎక్కడ ఎంత లోతుందో కొలిచే ఉద్యోగం. మొదట్లో తాడుకి సీసపు గుండు కట్టి నీళ్ళలోకి వదిలి, ఇన్ని బారలని కేకేసి చెప్పేవారట. తర్వాత మిషన్లొచ్చాయి. ఆయనకి కొడుకుల్లేరు. ఇద్దరు కూతుళ్ళు, ఇద్దరల్లుళ్ళు, నలుగురమూ అడిలైడ్‌లోనే ఉన్నాం. అత్తగారు పోయాక ఏడాదికోసారి వచ్చి ఆర్నెల్లు మా ఇంట్లో ఉంటున్నారు.

పెద్దల్లుడిని నేను. మాసన్ లేక్స్‌లో, యూనివర్సిటీ పక్కనున్న టెక్నాలజీ పార్కులో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరుని. ఇల్లు చెరువుకి ఎదురుగా ఉంటుంది. చిన్నల్లుడు నాకంటే పదేళ్ళు చిన్న. స్టూడెంటుగా వచ్చి, యూనివర్సిటీకి వెళ్ళింది తక్కువ, ఇళ్ళకి పిజ్జాలు మోసింది ఎక్కువ. ఇప్పుడు ఏసీలు బిగిస్తాడు. సొంత వ్యాను, పాతిక నిమిషాల దూరంలో పెద్ద షెడ్డున్న ఇల్లు. ఎటునుంచి చూసినా మామగారు చెప్పుకుని మురిసిపోవాల్సిన అల్లుడిని నేనే అని పెళ్ళైన ఈ ఇరవై రెండేళ్ళుగా నా నమ్మకం.

ఆయన నన్ను "అల్లుడు గారూ" అంటారు. బ్యాంకు మేనేజరుతో మాట్లాడినట్టు చాలా మర్యాదగా ఉంటుంది. వాణ్ణి "ఏరా" అంటారు. వాడేదో వాగుతాడు, ఈయన పడీపడీ నవ్వుతారు. ఆయన కోసం నేను రిక్లైనర్ కుర్చీ కొన్నాను. తెలుగు చానెళ్ళు పెట్టించాను. ఆయన షుగరు లెక్కలు రంగులేసి చార్టు గీసి ఫ్రిజ్‌కి అంటించాను. "బావుందండి" అనేవారు. మా ఇంట్లో వారమంతా ఓట్స్ ఉప్మా తిని, శనివారం వాళ్ళింటికెళ్ళి రెండుసార్లు చేపల పులుసు మారు వడ్డించుకుని, ఆదివారం పాటలు పాడుకుంటూ తిరిగొచ్చేవారు. పొరుగింటి పుల్లకూర రుచి అని పెద్దలు ఊరికే అన్లేదు.

నాకు కావలసింది పెద్దదేమీ కాదు. ఆయన నోటివెంట నా గురించి ఒక్క మంచి మాట రావాలి. అది చిన్నవాడు వింటుండగా రావాలి.

ఇలాంటి సమయంలో వాడు పడవ కొన్నాడు. ఇక మామగారు మా ఇంట్లో ఉన్నది పడుకోవడానికే. పొద్దున్నే కాఫీ తాగి, ఫుల్‌హ్యాండ్ చొక్కా వేసుకుని, వ్యాను కోసం వాకిట్లో నిలబడేవారు. సాయంత్రం చేతులకి గ్రీజు మరకలతో దిగేవారు. ఆ మరకలు చూసి నాకు ఒళ్ళు మండేది. డెబ్భై ఆరేళ్ళ మనిషి చేత పని చేయిస్తున్నాడని మా ఆవిడతో అన్నాను. "నాన్న ఎంత హుషారుగా ఉన్నారో చూడండి" అంది. అదే కదా నా బాధ.

నాలుగో వారంలో నాకొక అవకాశం దొరికింది. వాడు పడవకి డెప్త్ సౌండర్ కొన్నాడు.

అందులో రెండు వస్తువులుంటాయి. ఒకటి కళ్ళ ముందు పెట్టుకునే చిన్న తెర. రెండోది అరచేతిలో పట్టే నల్లటి ప్లాస్టిక్ ముక్క, ట్రాన్స్‌డ్యూసర్. అది పడవ వెనక రేకుకి కిందివైపున నీళ్ళలో మునిగి ఉంటుంది. శబ్దాన్ని అడుక్కి పంపి, అది తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చూసి లోతెంతో చెప్తుంది. దాని మొహం కింద నురగ పారితే లెక్క తప్పుతుంది. అందుకని బిగించే చోటు చూసుకోవడమే అసలు విద్య. మోటారు రెక్కలకి మరీ దగ్గర కాకూడదు. పడవ అడుగున ఉండే రివెట్ల వరస వెనక ఉండకూడదు. అడుగుకంటే వేలెడు మందాన కిందికి దిగి, మొహం నేలకేసి నిటారుగా చూడాలి.

ఇది ఏసీ మెకానిక్కుల పని కాదు, ఎలక్ట్రానిక్స్ వాళ్ళ పని. మాన్యువల్ డౌన్‌లోడ్ చేసి, ఆఫీసులో లంచ్ టైములో పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ చదివాను. పదకొండు పేజీలు ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకున్నాను. శనివారం మధ్యాహ్నం వాళ్ళ షెడ్డుకి వెళ్ళాను. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఇంజనీరులా వెళ్ళానని తర్వాత మా మరదలు నవ్వింది.

వెళ్ళేసరికి పడవ వెనక రేకు మీద కుడివైపున సుద్దముక్కతో గీసిన గుర్తు ఉంది. అచ్చం మాన్యువల్లో చెప్పిన చోటే. రివెట్లని తప్పించి, రెక్కలకి దూరంగా.

"ఎవరు గీశారు?" అన్నాను.

"మావయ్యే గీశారు అన్నయ్యా. నీళ్ళు ఎటు సుడి తిరుగుతాయో ఆయనకి తెలుసుగా" అన్నాడు వాడు.

"మా పోర్టు లాంచీకి కూడా కుడిపక్కనే ఉండేదండి, ఆయ్" అన్నారు మామగారు, పడవ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని. "ఎడంపక్క నురగెక్కువ."

నా ఫైలు నా చంకలోనే ఉంది. దాన్ని కారులో పెట్టి వస్తానని చెప్పి బయటికి నడిచాను.

తిరిగొచ్చేసరికి తెర వెలిగించి, ట్రాన్స్‌డ్యూసర్‌ని చేత్తో పట్టుకుని చూస్తున్నారు. తెర మీద అంకె బదులు గీతలే. గాలిలో అది పనిచెయ్యదు, నీళ్ళు కావాలి అని చెప్పబోయాను. అంతలో మామగారు "బకెట్‌తో నీళ్ళు తేరా, గాల్లో దానికి ఏం వినపడుద్ది" అన్నారు. వాడు నవ్వుతూ లేచాడు. నాకు చెప్పడానికి మిగిలిన విషయం ఒక్కటీ లేకుండా పోయింది. నా సొంత సబ్జెక్టులో, నా కళ్ళ ముందు, వాళ్ళిద్దరూ నన్ను పక్కన నిలబెట్టి పని చేసుకుపోతున్నారు.

రేకుకి చిల్లులు పెట్టడం వాడికి ఇష్టం లేదు. అందుకని అరచెయ్యంత దళసరి ప్లాస్టిక్ బల్ల ఒకటి తెచ్చాడు. దాన్ని రేకుకి జిగురుతో అంటించి, దానికి ట్రాన్స్‌డ్యూసర్‌ని మరలతో బిగిస్తారు. పద్ధతి మంచిదే. మాన్యువల్లో కూడా ఉంది. వాడు రేకుని గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, ట్యూబుని గన్‌లో పెట్టి నల్లటి జిగురుని వరసలు వరసలుగా పరిచాడు. వాడి చేతి ఒడుపు చూస్తే ముచ్చటేస్తుంది. అది కూడా నాకు నచ్చలేదు.

బల్లని రెండు చేతుల్తో అదిమిపట్టుకుని, "అన్నయ్యా, ఎంతసేపు ఆరాలో ఆ ట్యూబు మీద చూడండి. అక్షరాలు మరీ చిన్నవి, నా కళ్ళకి ఆనట్లేదు" అన్నాడు.

కళ్ళజోడు పెట్టుకుని చూశాను. రెండు లైన్లున్నాయి. పైకి ఆరడానికి రెండు గంటలు అని మొదటి లైను. పూర్తిగా గట్టిపడడానికి మూడు రోజులు, అప్పటిదాకా నీళ్ళలో దించకండి, బరువు పడనివ్వకండి అని రెండోది.

ఇక్కడ ముహూర్తం సంగతి చెప్పాలి. పడవ మొదటిసారి నీళ్ళలో దించడానికి మామగారు కాకినాడలో తనకి తెలిసిన సిద్ధాంతి గారికి ఫోన్ చేశారు. ఆదివారం ఉదయం ఎనిమిదిన్నర అన్నాడాయన. అది ఇండియా టైమా, మన టైమా అని మా మరదలు అడిగింది. దాని మీద గంటసేపు చర్చ జరిగింది. చివరికి మామగారు, ఇక్కడి సూర్యుడికి ఇక్కడి గడియారమే లెక్క అని తేల్చేశారు. ఆ ఆదివారం అంటే మర్నాడే. ఆయన కొబ్బరికాయ కూడా కొనిపెట్టుకున్నారు.

మూడు రోజులని చెప్తే ముహూర్తం తప్పిపోతుంది. శుభమా అని మొదలుపెడితే అడ్డుపుల్ల వేసినవాడిని అవుతాను. అది నిజమే, కానీ అది నేను తర్వాత వెతుక్కున్న సాకు. ట్యూబు చేతిలో పట్టుకున్నప్పుడు నా మనసులో ఉన్నది వేరు. ఊడిపోనీ అనుకున్నాను. రేపు మామగారి కళ్ళ ముందే ఆ బల్ల ఊడి నీళ్ళలో పడనీ. వీడి పనితనం ఏపాటిదో ఆయనకి తెలుస్తుంది.

"రెండు గంటల్లో ఆరిపోతుందని ఉంది" అన్నాను.

అబద్ధం ఆడలేదు. ఉన్న లైనే చదివాను. రెండోది చదవలేదు, అంతే. ట్యూబుని పైనున్న అరలో వెనక్కి నెట్టి పెట్టాను.

ఆదివారం పొద్దున్న సెయింట్ కిల్డాలో పడవలు దించే ర్యాంపు దగ్గర పడవకి పసుపు రాసి, బొట్లు పెట్టి, ట్రైలరు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టాం. పక్కన తమ పడవ దించుకుంటున్న ముసలి జంట ఆగి చూశారు. మా మరదలు వాళ్ళకి కూడా కొబ్బరిముక్కలు పెట్టింది. తర్వాత ఆడవాళ్ళిద్దరూ అక్కడే ఉండిపోయారు. మేం ముగ్గురం లైఫ్ జాకెట్లు వేసుకుని ఎక్కాం. నేను ముందు, మామగారు మధ్యలో తెరకి ఎదురుగా, వాడు వెనక మోటారు దగ్గర.

ఆ తీరమంతా పర్ర నేల. మడచెట్లు, బురద, మధ్యలో గుంజలు పాతిన సన్నటి దారి. నీళ్ళు తీస్తే మైళ్ళకొద్దీ నేల బయటపడుతుంది. వాడు బయల్దేరేముందు ఫోన్ చూసి, ఆరింటికే ఆటు మొదలైందంటోంది మావయ్యా, లంచ్ అయ్యాక వెళ్దామా అన్నాడు. మామగారికి కోపం వచ్చింది. "తిథిని బట్టి పోటెప్పుడో నాకు తెలీదా? ముప్పై నాలుగేళ్ళు ఏం చేశాననుకుంటున్నావ్? ఇయ్యాళ దశమి. మధ్యాహ్నం దాకా నీళ్ళుంటాయ్" అన్నారు. కాకినాడలో ఉంటాయేమో. చంద్రుడు ఒకడే అయినా, ఒక్కో తీరానికి పోటు ఒక్కో సమయంలో వస్తుందని ఆయనకి తెలియదా? తెలుసు. కానీ ఆ రోజు ఆ పడవలో ఆయన కాకినాడలోనే ఉన్నారు. వాడు ఎదురు చెప్పలేదు. నేను సరేసరి.

మొదటి పావుగంట ఆయన మొహం చూసి తీరాల్సిందే. తెర మీద మీటర్ల అంకె మారినప్పుడల్లా పాతరోజుల్లోలాగా కేకేసి చెప్పేవారు. "రెండూ ఒకటీ! ఒకటీ తొమ్మిదీ! రెండూ నాలుగూ!" పక్కన పెలికన్లు తేలుతున్నాయి. ఆయన గొంతులో ఉన్న ఆనందం నా వల్ల వచ్చింది కాదని నాకు మళ్ళీ గుర్తొచ్చింది. నేను తిరిగి చూడ్డం మానేసి మడచెట్లకేసి చూస్తూ కూర్చున్నాను.

దారి వెడల్పయ్యాక వాడు వేగం పెంచాడు. పడవ ముక్కు పైకి లేచింది. మోటారు హోరులో ఇంకేం వినపడదు. "రెండూ నాలుగూ" అన్నారు మామగారు. కాసేపటికి మళ్ళీ "రెండూ నాలుగూ" అన్నారు. గుంజలు దాటి ఎడమకి తిరిగాక కూడా "రెండూ నాలుగే" అన్నారు. మూడోసారి నాకు తట్టింది. అడుగు నుంచి శబ్దం తిరిగి రానప్పుడు ఆ మిషన్ చివరగా కొలిచిన అంకెనే మెరిపిస్తూ ఉంటుంది. అది మాన్యువల్లో నేను గీత పెట్టుకున్న వాక్యం. వెనక్కి తిరిగేలోపు పడవ ఇసుకలోకి దూసుకెళ్ళి ఆగిపోయింది. మామగారు ముందుకి తూలి నా వీపుకి గుద్దుకున్నారు.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. వాడు దిగి వెనక్కెళ్ళి చూశాడు. ప్లాస్టిక్ బల్ల ఊడిపోయి, ట్రాన్స్‌డ్యూసర్ వైరుకి వేలాడుతోంది. రేకు మీద జిగురు నల్లగా, మెత్తగా, వేలికి అంటుకుంటోంది.

మోకాళ్ళదాకా నీళ్ళు. ఇద్దరం దిగి తోశాం. కాళ్ళు బురదలోకి దిగబడుతున్నాయి తప్ప పడవ కదల్లేదు. అడుసు తొక్కనేల అని అందుకే అన్నారు. మామగారు గాలపుతాడుకి సీసపు గుండు కట్టమని అడిగి, పడవలో నిలబడి నాలుగు వైపులా విసిరి కొలిచారు. "అదుగో, ఆ నల్లటి నీళ్ళ దగ్గర లోతుంది, పాతిక గజాలు" అన్నారు. ఆయన చెప్పింది నిజమే. కానీ ఆ పాతిక గజాలూ మోటారుతో సహా పడవని మొయ్యడం మా ఇద్దరి వల్ల కాలేదు. చూస్తుండగానే నీళ్ళు చీలమండల దాకా తగ్గిపోయాయి. ఇంకాసేపటికి మేం బురద మీద ఉన్నాం.

వాడు రెస్క్యూ వాళ్ళకి ఫోన్ చేశాడు. ఎవరికీ ప్రమాదం లేకపోతే పడవ దగ్గరే ఉండండి, రెండు దాటాక నీళ్ళు తిరిగొస్తాయి, గంటగంటకీ ఫోన్ చెయ్యండి, అవసరమైతే హెలికాప్టరు పంపుతాం అన్నారు. నాలుగు గంటలు. పైన ఎండ. మామగారి షుగరు బిళ్ళలు, గ్లూకోజు, ఆయన కోసం మా ఆవిడ కట్టిన టిఫిన్ బాక్సు అన్నీ ర్యాంపు దగ్గర నా కారులో ఉన్నాయి. గంటలో వచ్చేస్తాం కదా అని వదిలేశాను. చార్టు గీసిన అల్లుడిని నేనే.

వాడు పడవ కప్పే గుడ్డని రెండు గాలపుకర్రల మీద పందిరిలా కట్టాడు. తన టోపీ ఆయనకి పెట్టాడు. ప్రసాదం కొబ్బరిముక్కలు, రెండు అరటిపళ్ళు, ఒక సీసాడు నీళ్ళు ఆయనకే ఇచ్చాడు. పన్నెండున్నరకి ఆయన చేతులు సన్నగా వణకడం చూశాను. మాటలు తగ్గిపోయాయి. చొక్కా చెమటకి తడిసిపోయింది. నేను ఆయన మణికట్టు పట్టుకుని కూర్చున్నాను. దేవుడా ఈయన్ని ఒడ్డుకి చేర్చు, తర్వాత నన్ను ఏమైనా చెయ్యి అనుకున్నాను. తేలు కుట్టిన దొంగలా నోరు మాత్రం మూసుకునే ఉన్నాను.

రెండో అరటిపండు తిన్నాక ఆయన కొంచెం తేరుకున్నారు. తేరుకోగానే కోపం వచ్చింది. ముహూర్తం మీదా, తిథి మీదా రావాల్సిన కోపం వాడి మీదకి మళ్ళింది.

"అది అంటించడం కూడా చాతకాలేదట్రా నీకు? మీదపడి చేసెయ్యడమే గానీ ముందూ వెనకా చూడవు. పక్కన అంత చదువుకున్న మనిషి నిలబడ్డారు. అల్లుడు గారిని ఒక్కమాట అడిగి చేసుంటే ఈ గతి పట్టేదా? ఆయన నిదానం నీకెప్పుడొస్తుంది?"

ఇరవై రెండేళ్ళుగా నేను ఎదురుచూసిన మాట అది. చిన్నవాడు వింటుండగానే వచ్చింది.

వాడు తలెత్తి నాకేసి చూశాడు. అడిగాను కదా అనడానికి ఒక్క క్షణం చాలు. నేను చెప్పడానికి కూడా ఒక్క క్షణం చాలు. నేను గోళ్ళలోంచి బురద గీక్కుంటున్నాను.

"నాదే తప్పు మావయ్యా. తొందరపడ్డాను" అన్నాడు వాడు.

మూడింటికి నీళ్ళు వచ్చి పడవని ఎత్తాయి. ర్యాంపు చేరాక మా ఆవిడ తండ్రిని చూసి ఏడ్చింది, నా మీద అరిచింది. మామగారు నన్ను వెనకేసుకొచ్చారు. "ఆయన్నేం అనకమ్మా. ఆయన నా చెయ్యి వదల్లేదు" అన్నారు.

ఆ తర్వాత వారం రోజులు నేను మహారాజులా బతికాను. ఆయన శనివారం కోసం ఎదురుచూడలేదు. రిక్లైనర్లో కూర్చుని కాకినాడ ఫోన్ చేసి, పెద్దల్లుడు గారి ఓర్పు గురించి ఒక స్నేహితుడికి చెప్పారు. నేను వంటింట్లో గిన్నెలు తుడుస్తూ విన్నాను. తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచాను, వినడం కోసం. ఓట్స్ ఉప్మా బావుందని కూడా అన్నారు. దొంగసొమ్మని తెలుసు. అయినా తియ్యగానే ఉంది. దాన్ని ఎలా తిరిగివ్వాలో తెలియక కాదు, ఇవ్వబుద్ధి కాక ఉంచుకున్నాను.

శుక్రవారం వాడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, రేపు ఆ బల్ల మళ్ళీ అంటిస్తున్నా. మావయ్యని తీసుకుని రండి. ఆయన రానంటే మీరైనా రండి." మామగారు మొదట రానన్నారు. మా ఆవిడ బతిమాలితే వచ్చారు గానీ, షెడ్డులోకి రాకుండా పెరట్లో నిమ్మచెట్టు పక్కన కుర్చీ వేయించుకున్నారు.

వాడు రేకు మీది పాత జిగురంతా గీకేశాడు. అదే బల్ల, అదే చోటు, కొత్త సుద్దగీత. బల్లని రెండు చేతుల్తో అదిమి, తలెత్తకుండా అన్నాడు.

"ట్యూబు చూడండన్నయ్యా. ఈసారి కింది లైను కూడా చదవండి."

ఆ గొంతులో కోపం లేదు. ఎత్తిపొడుపు కూడా లేదు. ఏసీ గ్యాసు సిలిండరు అందించమన్నట్టే ఉంది. వాడు ట్యూబుని ఆ ఆదివారం సాయంత్రమే అరలోంచి తీసి చదివి ఉంటాడు. వారం రోజులు ఎవరికీ చెప్పలేదు. తన పెళ్ళానికి కూడా చెప్పలేదని తర్వాత తెలిసింది.

నేను చదివాను. మూడు రోజులు, నీళ్ళలో దించకూడదు, బరువు పడకూడదు.

"మరి నన్నడిగావని ఆ రోజే ఆయనతో ఎందుకనలేదు?" అన్నాను.

"ఆయన మిమ్మల్ని ఎప్పుడూ ఏం అనలేదు కదన్నయ్యా. నన్ను రోజూ తిడతారు. నాకు అలవాటే" అన్నాడు.

నేను సిగ్గుపడాలి. పడ్డాను కూడా. కానీ అంతకంటే ముందు కలిగింది మళ్ళీ అదే. వీడికి ఇది కూడా నాకంటే బాగా వచ్చా అనిపించింది. చేతిపనీ, పులుసూ, నవ్వూ చాలవన్నట్టు మంచితనం కూడా వీడికే రావాలా? ఆ కుళ్ళు తట్టుకోలేకే పెరట్లోకి నడిచాను. మంచివాడినై కాదు.

మామగారు నేలకేసి చూస్తూ కూర్చున్నారు. నేను ఆయన కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాను.

"మావయ్య గారూ, ఆ రోజు వాడు నన్ను అడిగాడు. మూడు రోజులు ఆరాలని ట్యూబు మీద ఉంది. నేను చూశాను. చెప్పలేదు."

ఆయన "ముహూర్తం తప్పుద్దని ఊరుకున్నారా?" అన్నారు. నాకు తప్పుకునే దారి చూపిస్తున్నారని అర్థమైంది. అందులోంచి వెళ్ళిపోతే సరిపోయేది.

"కాదండీ. ఊడిపోవాలనే అనుకున్నాను. మీరు చూస్తుండగా."

ఆయన నా మొహంలోకి చూశారు. కోప్పడతారనుకున్నాను. వాణ్ణి తిట్టినట్టు నన్నూ నాలుగు తిడితే బావుండుననుకున్నాను.

"ఆ పడవలో నేనూ ఉన్నాను కదండీ" అన్నారు.

కుర్చీ చేతుల మీద బరువు మోపి మెల్లిగా లేచి, షెడ్డులోకి వెళ్ళారు. నేను అక్కడే ఉండిపోయాను. కాసేపటికి లోపల్నుంచి ఆయన గొంతు వినిపించింది, మంగళవారం దాకా దీన్ని ముట్టుకున్నావంటే చేతులిరగ్గొడతానని. వాడు నవ్వుతున్నాడు. నేను లోపలికి వెళ్ళలేదు. ఆ తిట్టు కూడా నాక్కావాలనిపించింది.